బుట్టకో చుక్క

తవిటమ్మ చేపని చూసేది కాదు, చేప కంట్లోకి చూసేది. మొప్పలెత్తి ఎరుపు చూసుకునేవాళ్ళు, పొట్ట నొక్కి చూసేవాళ్ళు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చేవాళ్ళు ఆ ఒడ్డున చాలామందే ఉన్నారు. వాళ్ళని చూస్తే తవిటమ్మకి జాలి. సంగతంతా కంట్లోనే కనిపిస్తుంటే ఇంకెక్కడెక్కడో వెతుక్కోవడం దేనికని ఆవిడ వాదన. కన్ను నిగనిగలాడుతూ ఉబ్బెత్తుగా ఉంటే తెల్లారుజామున పట్టిన చేప. పైన పల్చగా పొగ కమ్మితే నిన్నటిది. తెల్లబడి గుంటపడిందా, ఇక ఆ చేప గురించి మాట్లాడడం కూడా దండగే.

నౌపడ ఉప్పుమడులు దాటి సముద్రం వైపు ఇంకాస్త వెళితే వాళ్ళ పేట వస్తుంది. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరగానే బుట్టల లెక్కన వేలంపాట మొదలవుతుంది. ముగ్గురేసి ఆడవాళ్ళు జట్టుగా కొనుక్కుని, ఆటోలో టెక్కలి వెళ్ళి, వీధులు పంచుకుని అమ్ముకోవడం అక్కడి పద్ధతి. జట్టులో ఒకరు సరుకు చూస్తారు, ఒకరు పాట పాడతారు, ఒకరు వాటాలేస్తారు. తవిటమ్మ జట్టులో చూపు తవిటమ్మది, నోరు గురమ్మది, వాటాలు కూర్మమ్మవి. గురమ్మ తవిటమ్మకి వరసకి వదిన. ఆవిడ పాట ఎత్తుకుంటే ఇంకా ఒడ్డుకి రాని పడవల్లోవాళ్ళు కూడా ఇటు తిరిగేవాళ్ళు. కూర్మమ్మ ఇద్దరికంటే చిన్నది, నోట్లో నువ్వుగింజ నానదు.

తవిటమ్మ చూసే తీరు కూడా చూడదగ్గదే. బుట్ట ముందుకి రాగానే దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టి చేపల కళ్ళ మీద చల్లేది. ఇసుకా జిగురూ కొట్టుకుపోయాక వంగి ఒక్క చూపు చూసి "ఊఁ" అనేది. గురమ్మ పాట అందుకునేది. "ఊహూఁ" అందంటే ఆ బుట్ట బంగారంతో చేసిందైనా సరే, జట్టు పక్కకి జరిగిపోవాల్సిందే. ఇలా ముప్పయ్యేళ్ళు గడిచాయి. "నా సేతి సేప తిని కడుపు పట్టుకున్నోడు టెక్కలిలో ఇంకా పుట్టనేదు" అని ఆవిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేది.

చేపకి మందు వేసే వ్యాపారులంటే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. ఒకసారి ఎక్కడినుంచో వచ్చినవాడొకడు చేపలు నాలుగు రోజులు నిలవుండడానికి ఏదో చల్లి టెక్కలి బజార్లో కూర్చుంటే, వాడి గంప బోర్లించి, చేపల్ని వీధి మధ్యలో వరసగా పడుకోబెట్టి, "ఇయ్యి సేపలు కావు, శవాలు! దణ్ణాలెట్టుకోండి" అని వచ్చేపోయేవాళ్ళని పిలిచి మరీ చూపించింది. వాడు మళ్ళీ ఆ ఊళ్ళో కనిపించలేదు.

ఇంతటి మనిషికి కిందటేడు వానల ముందు కళ్ళు గరగరలాడడం మొదలైంది. ఉప్పుగాలి అనుకుంది. గరగర మంటైంది, మంట ఎరుపైంది. టెక్కలిలో మందుల షాపులో కళ్ళు చూపించి చుక్కల మందు అడిగింది. షాపతను చిన్న సీసా చేతిలో పెట్టి, పొద్దునొక చుక్క, రాత్రొక చుక్క వేసుకోమనీ, వారంలో తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోమనీ చెప్పాడు. మూత తీశాక కూడా మందు నెల్లాళ్ళు పాడవదని చివర్లో అన్నాడు. తవిటమ్మ వీటన్నిటిలో నెల్లాళ్ళు పాడవదన్న ముక్కొకటి గుర్తుపెట్టుకుని, మిగతావి అక్కడే వదిలేసి వచ్చింది.

మొదటి చుక్క పడగానే కళ్ళు చల్లబడ్డాయి. లోకమంతా కడిగినట్టు కనిపించింది. ఆ కాసేపూ బుట్ట చూసుకోవడానికి సరిపోయింది. తరవాత మళ్ళీ మసక. ఇంకో బుట్టకి ఇంకో చుక్క వేసుకుంది, అదీ పనిచేసింది. ఇందులో ఆవిడకి గొప్ప న్యాయం కనిపించింది. చేప కంటికి నీళ్ళు చల్లి చూస్తున్నప్పుడు, చూసే కంటికి మాత్రం చల్లొద్దా? అప్పణ్ణుంచీ బుట్టకో చుక్క చొప్పున రెండు కళ్ళకీ పోసుకుంది. వేట బాగా పడిన రోజున ఇరవై బుట్టలు చూసేది. సీసా రొంటిలో దోపుకుని, టెక్కలి వీధుల్లో మలుపు తిరిగినప్పుడల్లా మరోటి వేసుకునేది. నెల్లాళ్ళు రావాల్సిన సీసా వారానికి చాలేది కాదు. షాపతను "అమ్మా, ఇన్ని వెయ్యకూడదు, డాక్టరు దగ్గరికెళ్ళు" అని మొత్తుకుంటే, "నీకు అమ్ముకోడం ఇష్టం నేదేటి?" అని అతన్నే కసిరింది. ఆ తరవాత షాపులు మార్చి మార్చి కొనుక్కుంది.

మొగుడు ఎల్లాజీ వాకిట్లో వలలు అల్లుకుంటూ ఆవిడ ముఖం వంక చూసి, "ఒలే, నీ కళ్ళు సూస్తంటే నన్ను కొట్టడానికే వస్తన్నావనుకున్నాను" అన్నాడు.

"మంట పుడతన్నాది మావా."

"మరి మందేస్తన్నావు కదేటి?"

"వేస్తంటేనే పుడతన్నాది. మంటంటే మందు పని సేస్తన్నట్టే. నీకేటి తెల్సు?"

ఎల్లాజీకి తెలియదు. అందుకని వల వైపు తిరిగాడు.

మంటకి చుక్క, చుక్కకి మళ్ళీ మంట. రెండు నెలలు తిరిగేసరికి ప్రతి చేప కంట్లోనూ పొగే కనిపించసాగింది. అన్ని పడవలూ నిన్నటి చేపే తేవు కదా, తేడా తనలోనే ఉందని తవిటమ్మకి తెలుసు. తెలిసీ ఒక ఉపాయం కనిపెట్టింది. కనిపించే పొగలోంచి తన వంతు కాస్త తీసేసి, మిగిలినదాన్ని బట్టి "ఊఁ" అనడమో "ఊహూఁ" అనడమో చేసేది. ఎంత తీసెయ్యాలన్నది ఆ రోజు బుద్ధి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేముంది? ఆవిడకి పాడే గొంతు లేదు, వాటాలేసే ఓపిక లేదు. జట్టులో ఆవిడకున్నది చూపొక్కటే. అది పోయిందని తెలిస్తే రేపు ఆ ఇసకలో ఆవిడ కూర్చునే చోట ఇంకొకరు కూర్చుంటారు. అసలు భయం అదీ. అయినా ఒక్క ఇంటినుంచీ మాట రాలేదు కాబట్టి, ఉపాయం పారుతోందని లోలోపల మురిసిపోయింది కూడా.

సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకి మురిపెం తీరింది. ఆ శనివారం గురమ్మ రామతీర్థం దర్శనానికి వెళ్ళింది. పాటా వాటాలూ రెండూ కూర్మమ్మ నెత్తిన పడితే, ఆ పిల్ల హడావుడిలో ఎవరి గంప వాళ్ళకెత్తి ఆటో ఎక్కించేసింది. తవిటమ్మ తన గంపలో ఉన్న పెద్ద వంజరాన్ని షీబా టీచరుకి ఇచ్చింది. టెక్కలి మిషను స్కూల్లో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి దిగిన మనిషి. మర్నాడు ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారు ఆవిడ ఇంటికి భోజనానికి వస్తున్నారు. "కన్ను సూడండి టీచరమ్మా, అద్దమే!" అని తవిటమ్మ చేపని ఎత్తి పట్టుకుని మరీ చూపించింది.

టీచరు నమ్మి, చేప కన్ను చూడలేదు. తవిటమ్మనే చూసింది. ముప్పయ్యేళ్ళుగా అదే అలవాటు.

సోమవారం గుమ్మంలోనే పట్టుకుంది షీబా టీచరు. "తవిటమ్మా, పాస్టరుగారు పప్పుచారుతో భోంచేశారు."

"ఏటండీ, వంజరం ఏటైనాది?"

"పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాం."

తవిటమ్మకి చర్రుమంది. మసాలా పాతదనీ, ఫ్రిజ్జు పాడైందనీ, పాస్టరుగారికి నోరు చేదుగా ఉందనీ వరసగా తప్పులెన్నడం మొదలుపెట్టింది. ఆ వంజరం కన్ను అద్దమని బిడ్డల మీద ఒట్టు పెట్టబోయింది. టీచరు ఆ రోజు గంపలో అన్నిటికంటే పైనున్న చందువ చేపని తీసి ఆవిడ ముఖానికి దగ్గరగా పట్టుకుంది. "దీని కన్ను ఎలా ఉందో చెప్పు."

తవిటమ్మ చూసింది. పొగ. తన వంతు తీసేసింది. "బాగున్నాది" అంది.

"ఇది తోక తవిటమ్మా. కన్ను ఇటువైపుంది."

అంత వాగుడూ ఎటుపోయిందో, తవిటమ్మ ఆ మెట్టు మీదే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే అలవాటు కొద్దీ రొంటిలోంచి సీసా తియ్యబోతే టీచరు చెయ్యి పట్టుకుని ఆపింది. "పాస్టరుగారికి పప్పుచారు పెట్టిన అప్రతిష్ఠ నాది. దానికి జరిమానాగా రేపు నాతో శ్రీకాకుళం కళ్ళాసుపత్రికి రా" అంది.

ఆసుపత్రిలో డాక్టరు అనిత చిన్నమ్మాయి. తవిటమ్మ గెడ్డాన్ని యంత్రం మీద పెట్టించి, కంట్లో పసుపుపచ్చ రంగొకటి అద్ది, నీలం దీపం వేసి, కిందికీ పైకీ తిప్పి తిప్పి చూసింది. ఎంతసేపటికీ వదలదు. తవిటమ్మకి తనే బుట్టలో పడుకుని ఉన్నట్టనిపించింది. ఎన్ని వేల చేపల్ని ఇలా చూసి ఉంటుందో, ఆ రోజుకి వాటి కష్టం అర్థమైంది.

"నాను ఎన్ని రోజుల సేపనమ్మా?" అని అడిగింది దీనంగా.

డాక్టరుకి నవ్వాగలేదు. "మీరు చేప కంట్లో దేన్ని చూస్తారు?"

"పైనున్న అద్దం. అది మెరిస్తే తాజా, మసకేస్తే పాతది."

"నేను చూస్తున్నదీ అదే. కంటి ముందుండే ఆ అద్దాన్ని కార్నియా అంటాం. మీ కార్నియా పైపొర గీరుకుపోయి సన్నటి చుక్కలు చుక్కలుగా రంగు పట్టింది. మొదట కళ్ళు పొడిబారాయి, అది పెద్ద జబ్బు కాదు. రోజుకెన్నిసార్లు వేశారు ఈ మందు?"

"బుట్టకో సుక్క" అంది తవిటమ్మ.

రోజుకి ఎన్ని బుట్టలో షీబా టీచరు అడిగి చెప్పించాల్సి వచ్చింది. డాక్టరు సీసా తీసుకుని వెలుతుర్లో తిప్పింది. "మూత తీసి రోజూ వాడే సీసాలోకి సూక్ష్మజీవులు చేరతాయి. మందు పాడవకుండా అందులో ఇంకో మందు కలుపుతారు. రోజుకో రెండు చుక్కలైతే చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. మీరు పోసుకున్నన్ని పోస్తే ఆ నిలవమందే కార్నియాని గీరేస్తుంది, కన్నీటిని ఎండగొడుతుంది. అప్పుడు ఇంకా మండుతుంది. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టు కాదమ్మా, కన్ను వద్దంటున్నట్టు."

తవిటమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఉండమ్మా. మందు నిలవుండడానికి... మందేసినారా?"

"అవును."

"సేపకేసినట్టే?"

"ఇంచుమించు."

తవిటమ్మ నుదురు కొట్టుకుంది. ఎవడో పరాయివాడి గంపని నడివీధిలో బోర్లించిన తను, ఇన్ని నెలలుగా నిలవమందు సొంత కళ్ళలో, అదీ కొనుక్కుని, షాపులు మార్చి మరీ పోసుకుంది! షీబా టీచరు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆవిడ భుజాలు ఎందుకు కదులుతున్నాయో తవిటమ్మకి ఆ మసక కళ్ళతో కూడా తెలిసింది.

డాక్టరు ఈసారి వేలెడంత ప్లాస్టిక్ గొట్టాల వరస ఇచ్చింది. ఒక్కోదాంట్లో నాలుగు చుక్కలు కూడా ఉండవు. నిలవమందు ఉండదు కాబట్టి, కొస తుంచి వేసుకున్నాక మిగిలింది పారెయ్యాలి, దాచకూడదు అని చెప్పింది.

"అలగని ముందే సెప్పొచ్చు కదేటి! ఏ పూట సరుకు ఆ పూటకే. ఇది మా యాపారమే" అంది తవిటమ్మ. అంత బాగా అర్థం చేసుకున్న రోగి ఆ రోజుకి డాక్టరు అనితకి ఇంకొకరు తగల్లేదు.

కళ్ళు కుదుటపడేదాకా, నెల్లాళ్ళు, ఉప్పుగాలికీ ఎండకీ వెళ్ళొద్దంది డాక్టరు. తవిటమ్మ జట్టుకి కంట్లో ఇసుక పడిందని కబురు పంపి ఇంట్లో కూర్చుంది. రోజూ ఒడ్డునుంచి వచ్చిన ఎల్లాజీని గుమ్మంలోనే ఆపి పోలీసులా అడిగేది.

"నా సోట ఎవుల్ని కూకోబెట్టినారు?"

"ఎవుల్నీ కూకోబెట్టనేదు. గురమ్మే సూస్తన్నాది, గురమ్మే పాడతన్నాది."

"గురికి సూడ్డం వొచ్చేటి? ఎవులైనా తిట్టినారా? సేప పారేసినారా?"

"నేదే. ఒక్కులూ ఏటీ అననేదు."

మొగుడు అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆవిడకి అనిపించింది. ఒక్క చేపైనా కుళ్ళకుండా తన పని సాగిపోవడం కంటిమంట కన్నా ఎక్కువ మండించింది. అయినా డాక్టరు చెప్పినట్టే, ఏ పూట గొట్టం ఆ పూటే తుంచి, మిగిలింది పెరట్లో పారబోసింది. మంట మొదటి వారంలోనే సగానికి తగ్గింది. మూడో వారంలో ఒకనాడు, ఎల్లాజీ నుదుటి మీదున్న మచ్చ కనిపించి, ఇదెప్పుడు వచ్చిందని కంగారుపడింది. పెళ్ళినాటిదేనన్నాడు.

శివరాత్రి మర్నాడు డాక్టరు కళ్ళు చూసి, ఇక పనిలోకి వెళ్ళొచ్చంది. ఆ సాయంత్రమే తవిటమ్మ తల దువ్వుకుని, పువ్వులు పెట్టుకుని గురమ్మ ఇంటికి బయల్దేరింది. రేపట్నుంచి నా చోట నేను కూర్చుంటాను, నువ్వు నీ పాట పాడుకో అని కాస్త గట్టిగానే చెబుదామని దారంతా మాటలు పేర్చుకుంది.

గురమ్మ, కూర్మమ్మ మేడ మీద ఎండుచేపలు ఎత్తుతున్నారు. తవిటమ్మ మెట్లెక్కి, పరిచిన వలల మీద చూపు వేసి ఆగిపోయింది. చవగ్గా దొరికే చేపలు, నెత్తళ్ళు ఎండబెడతారు, సావిడాయిలు ఎండబెడతారు. ఇక్కడ పక్కపక్కనే చందువలు. చీరిన వంజరాలు. పెళ్ళిళ్ళకి కొనుక్కుపోయే చేప! మూలనున్న గోనెల్లో ఇంకా ఉన్నాయి, నెలల కిందటివి, ఉప్పు పొరలు కట్టినవి. ఇప్పుడు ఆవిడకి ప్రతి పొలుసూ కనిపిస్తోంది.

"ఒలే గురీ! వంజరం ఎండబెట్టినావేటే? మతి పోనాదా?"

గురమ్మ గబుక్కున గోనెపట్టా ఒకటి కప్పబోయింది. "ఏటో, మిగిలిపోనాయి. నీ కళ్ళెలా ఉన్నాయి?"

"బాగున్నాయి కాబట్టే అడుగుతన్నాను. చందువ మిగిలిపోడమేటే? ఎన్ని నెల్ల నుంచి మిగిలిపోతన్నాయి?"

గురమ్మ సముద్రం వైపు చూసింది. ఆరు నెలలు నోరు కట్టుకుని బతికిన కూర్మమ్మ ఇక బతకలేకపోయింది. "నీయే అప్పా! నువ్వు ఊఁ అన్నవే! ఆటో ఎక్కించే ముందర వదినొకసారి సూసి, పాడైనవి నీ గంపలోంచి తీసేసి, మా గంపల్లోంచి మంచివి నీ దాంట్లో ఎట్టేది. తీసినవి ఉప్పేసి ఎండబెట్టినాం. వదిన రామతీర్థం ఎల్లిన్నాడు నాకు తీరుబడి నేకపోనాది. లేపోతే టీచరమ్మకి ఆ సేప ఎల్లదు."

"వానలప్పుడి నుంచా?"

"వానలప్పుడి నుంచే."

తవిటమ్మ పిట్టగోడ మీద కూర్చుంది. తన ఉపాయం పారలేదు. ఒక్కరోజు కూడా పారలేదు. టెక్కలిలో ఎవరూ కడుపు పట్టుకోలేదంటే, ఈ ఇద్దరూ తమ వాటాలోంచి రోజూ మంచి చేప తీసి తన గంపలో వేశారు కాబట్టి. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఇద్దరినీ పట్టుకుని ఏడవాలన్నంత ప్రేమ వచ్చింది. ఆవిడకి ప్రేమ వస్తే కోపంలాగే బయటికి వస్తుంది.

"మరి నాతో సెప్పలేదేటే, దొంగముండల్లారా!"

"సెప్తే ఒప్పుకుంటావేటి?" అంది గురమ్మ, వేలంపాట గొంతుతో కాదు, మామూలు గొంతుతో. "మాతో మాట్టాడ్డం మానేసి ఇంట్లో కూకుంటావు. నువ్వు నేకుండా ఆ ఒడ్డున మేమేటి సేస్తాం?"

తవిటమ్మ దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. లేచి, చీర ఎగదోపుకుని, వాళ్ళతో పాటు చేపలు ఎత్తింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ చోటు ఆవిడకి ఉంది. మొదటి పడవ బుట్ట వచ్చింది. దోసిట్లో నీళ్ళు పట్టి చల్లి వంగింది. ఇసక రేణువుతో సహా కనిపిస్తోంది. పన్నెండు చందువలు, పన్నెండు జతల కళ్ళు, అన్నీ నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికీ వంక లేదు. "ఊఁ" నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. బుట్టని గురమ్మ వైపు తోసింది.

"గురీ, నువ్వూ ఒకసారి సూడే."

గురమ్మ బిత్తరపోయి అటూ ఇటూ చూసింది. తరవాత వంగి, మొప్పలెత్తి, పొట్టలు నొక్కి, వాసన పీల్చి, నానా హైరానా పడి, చివరికి అడుగునున్న పెద్ద చందువని తోక పట్టుకుని బయటికి తీసింది. "ఇదొకటి తేడాగా ఉన్నాది, తవిటీ. వొదిలేద్దుమా?"

బుట్టలోకల్లా తాజా చేప అదే. అనుమానమొచ్చినదల్లా ఇలా తీసేస్తే టెక్కలిలో ఇక కడుపు పట్టుకునేదెవరు! దాని కన్ను ఉదయపు ఎండలో మెరుస్తూ తవిటమ్మ వంకే చూస్తోంది.

"నువ్వు సెప్పినాక ఏటుంది, తీసెయ్యే" అంది తవిటమ్మ.